తుమకూరు జోనా, అవతలి కప్పా

మా అంగడి అరుగు మీద ఆ ఏడు జరిగినంత వాదన విధానసౌధలో కూడా జరిగి ఉండదు. మా పావగడ కాలేజీ కబడ్డీ జట్టు తుమకూరు జోనులోనే ఉండాలా, లేక దాన్ని వదిలేసి అవతల ఆంధ్రా కాలేజీలు కొత్తగా పెట్టుకున్న కప్పులో చేరాలా అన్నది విషయం. వాదించేవాళ్లలో ఒక్కడూ కబడ్డీ ఆడి ఎరగడు. నేనైతే హైస్కూల్లో ఒకసారి గీత దాటిపోయి, ఎవరూ ముట్టుకోకముందే కూత ఆపేసి, నిక్కరు చింపుకుని ఇంటికొచ్చిన వీరుణ్ణి. అయినా అరుగు మీద నా మాటకు బరువుండేది. నాకు ఆట తెలుసని కాదు, అందరూ నమిలే బొరుగులూ పప్పులూ మా అంగడివి కాబట్టి.

ఎనభైలు ముగిసే కాలం. వాన మాకు మొహం చాటేసి చాలా కాలమైంది. శెనక్కాయ విత్తినవాళ్లకు కట్టె తప్ప కాయ దొరకని ఏళ్లు అవి. ఊళ్లో బేరాలు పడిపోయాయి. అంగడి తెరిచి కూర్చుంటే ఈగలు, పక్కంగడివాళ్లు తప్ప ఎవరూ వచ్చేవాళ్లు కాదు. అట్లాంటి రోజుల్లో మాకు మిగిలిన సంబరం కాలేజీ కబడ్డీ జట్టు ఒక్కటే. నేను బీకాం ముగించి నాన్న పక్కన గల్లా దగ్గర కూర్చున్నా, మనసు మాత్రం ఇంకా కాలేజీలోనే ఉండేది.

తమాషా ఏమిటంటే, మా జట్టు ఆడగా మాలో ఎవరూ చూడలేదు. జోను పోటీలు ఎప్పుడూ తుమకూరు వైపే జరిగేవి. మూడు పక్కలా ఆంధ్రా చుట్టుకున్న తాలూకా మాది. తుమకూరు బస్సెక్కితే మడకశిర దగ్గర ఆంధ్రాలోకి పోయి, మళ్లీ కర్ణాటకలోకి వచ్చి, అప్పటికి ఎముకలన్నీ ఊడదీసి దింపుతుంది. అంగళ్లు మూసి అంత దూరం ఎవరు పోతారు? అందుకని జట్టు తిరిగొచ్చే సాయంత్రం బస్టాండులో కాచుకునేవాళ్లం. గెలిచి ఉంటే ఊరి బయటినుంచే డ్రైవరు హారను ఆపకుండా కొట్టుకుంటూ వచ్చేవాడు. ఓడి ఉంటే బస్సు దొంగలాగా వచ్చి నిలబడేది. ఆటగాళ్లకు టీ తాగించి ఆటంతా చెప్పించుకునేవాళ్లం. మర్నాడు అదే ఆటను కళ్లారా చూసినట్టు మేము ఇంకొకరికి చెప్పేవాళ్లం. సరుకు చూడకుండానే దాన్ని పొగిడి అమ్మే విద్య మా వీధిలో పుట్టుకతో వస్తుంది.

ఆ జట్టుకు ప్రాణం మా కూతగాడు. నిడుగల్లు కొండ కింద పల్లె నుంచి వచ్చి చదువుకునే రైతు బిడ్డ. పొట్టి మనిషి, మెడ మాత్రం కాడెద్దుది. మాట తక్కువ. ఊపిరి పీల్చి కూతకు పోయినాడంటే ఎదుటి జట్టులో ఒకరిద్దర్ని తాకకుండా తిరిగి రాడని చెప్పుకునేవాళ్లు. ఆ ఏడు అతనికి కాలేజీలో ఆఖరి ఏడు. జోను పోటీల్లో బాగా ఆడినవాళ్లను యూనివర్సిటీ జట్టుకు ఏరుకుంటారు. యూనివర్సిటీకి ఆడితే వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సులో సీటు వచ్చినట్టే. ఏరుకోకపోతే ఏమవుతుందో వాళ్ల నాన్న ముందే తేల్చేశాడు. చేను ఎండిపోయింది, పరీక్షలు కాగానే బెంగుళూరులో తెలిసినవాళ్ల హోటలుకు గ్లాసులు కడగడానికి పోవాలి. ఈ సంగతి అతను మాకు చెప్పలేదు. వాళ్ల నాన్నే గొర్రెలకు ఉప్పు కొనడానికి వచ్చినప్పుడు మా నాన్నతో చెప్పుకుని పోయాడు.

అట్లాంటి సమయంలో అవతలినుంచి పిలుపొచ్చింది. మడకశిర, హిందూపురం, కళ్యాణదుర్గం వైపు కాలేజీలన్నీ కలిసి కప్పు పెట్టుకున్నాయి, మీరూ చేరండి అని. పైగా ప్రతి జట్టు ఊళ్లోనూ ఆటలు ఉంటాయట. అంటే పావగడలోనూ! కాకపోతే ఒక చిక్కు. అవతల ఆడిన కాలేజీకి ఆ ఏడు తుమకూరు జోనులో చోటుండదని కాలేజీ పీటీ మాస్టరు చెప్పాడు. రెంటిలో ఒకటే.

అంతే, అరుగు రెండు పార్టీలయింది. తుమకూరు పార్టీకి నాయకుడు ఎదురుగా టీ అంగడి నడిపే మామ. ఆంధ్రా పార్టీకి బట్టలంగడి అన్న.

"ఏమప్పా, ఇన్నేండ్లు తుమకూరోళ్లు మనకేమిచ్చిరి? ఒక్క ఆటన్నా ఈడ ఆడిచ్చినారా?" అని బట్టలంగడి అన్న లేచేవాడు.

"ఇయ్యకపోతే? మన కలెక్టరు ఆడుండాడు, మన కోర్టు ఆడుండాది. కబడ్డీ ఒక్కటి అవతలికి పంపిస్తావా?" అని మామ టీ గ్లాసు పట్టుకుని రోడ్డు దాటి వచ్చేసేవాడు. ఆ టీ ఎవరిదో వాళ్లు అరుస్తూ ఉండేవాళ్లు.

"కోర్టుకు పోతే మనమే పోతాం. ఆటకు పోతే చూసేదానికి దిక్కుండల్ల గదా మామా! మడకశిర ఎంత దూరం? పొద్దున పోయి ఆట చూసి, మజ్జిగన్నం తిని, మాపటికి అంగడి తెరవచ్చు."

"ఎవరింట్లో మజ్జిగన్నం? మీ అత్తగారింట్లోనా? నీ పెండ్లాంది మడకశిర, అందుకే నీకు ఆడ కప్పు కావల్ల. నీ అత్తగారి ఊరు చూసేదానికి మా జట్టును ఎత్తుకపోతావా?"

అరుగంతా ఘొల్లుమంది. బట్టలంగడి అన్న మెడ మీద తువ్వాలు తీసి దులిపి మళ్లీ వేసుకున్నాడు. కొనకుండా పోతున్న గిరాకీ మీద కోపమొచ్చినప్పుడు ఆయన చేసే పని అది.

"ఊరోళ్లను అడగండి. ఆట చూసి చావాలని ఎంతమందికి ఉండాదో!"

"ఆడేటోణ్ణి అడగండి!" అన్నాడు మామ.

కూతగాడు అప్పుడే అటుగా పోతున్నాడు. పిలిచి కూర్చోబెట్టి, దోసెడు పప్పులు చేతిలో పోసి అడిగాం. పప్పులన్నీ నిదానంగా నమిలాడు. తర్వాత, "యాడ ఆడమంటే ఆడ ఆడతానన్నా. యూనివర్సిటీవోళ్లు చూసేది మాత్రం జోన్లోనే గదా" అని, చేతులు దులుపుకుని పోయాడు.

 అప్పుడు నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. నాకు వచ్చే బ్రహ్మాండమైన ఆలోచనలన్నీ బేరం ఆలోచనలే.

"జోను వదలొద్దు. వదుల్తామని బెదిరిద్దాం" అన్నాను. "గిరాకీ చీర కింద పెట్టి, పక్కంగట్లో చూసుకుంటాలే అని లేచిందనుకో, అన్నా, నువ్వేం చేస్తావు?"

"మెట్టు దిగకముందే పిలుస్తా."

"తుమకూరోళ్లు కూడా పిలుస్తారు. ఆంధ్రావోళ్లు రమ్మంటాండారు, పోతాండాం అందాం. పోవద్దప్పా, మీ ఊళ్లో ఒక ఆట పెడతాం అంటారు. మనకు ఆటా వస్తాది, మనోనికి సెలక్షనూ ఉంటాది."

రెండు పార్టీలూ చప్పట్లు కొట్టాయి. పీటీ మాస్టరు ఒక్కడే, "జోను అంటే చీరలంగడి కాదప్పా" అన్నాడు. మేము ఆయన్ను లెక్కచేయలేదు. ఆయనకు కబడ్డీ తెలుసు గానీ బేరం తెలీదని మా అభిప్రాయం.

ఆయన్నే వెంటబెట్టుకుని తుమకూరు పోయాను. జోను కార్యదర్శి ఏదో కాలేజీలో పాత లెక్చరరు. మనిషి సన్నగా, తెల్లగా, ఇస్త్రీ చొక్కాలో అల్మారాలోంచి తీసినట్టున్నాడు. మా మాటలు కన్నడంలో సాగాయి. నేను రొమ్ము విరుచుకుని మా ఊళ్లో ఒక ఆట పెట్టాలన్నాను. ఆయన చాలా నెమ్మదిగా జవాబు చెప్పాడు.

"మీ మైదానం గరుసు నేల. పడితే మోకాలు చిప్ప చేతికొస్తుంది. ఆడాక ఒళ్లు కడుక్కోవడానికి మీ ఊళ్లో నీళ్లు లేవు. ఏ కాలేజీ వస్తుంది చెప్పండి?"

అసలు కారణాలు ఆయన నా ముందు పరిచి పెట్టాడు. నేను వినలేదు. బేరంలో ఎదుటివాడు చెప్పే కారణం ధర తగ్గించకుండా ఉండటానికి వేసే ఎత్తని చిన్నప్పటినుంచీ నేర్చుకున్నాను. అందుకే లేచాను.

"సరే సార్. మేము ఆంధ్రా కప్పులో చేరుతున్నాం."

"మంచిది," అన్నాడాయన. "వెళ్లి రండి."

గది దాటాను. పిలవలేదు. వరండా దాటాను. పిలవలేదు. మెట్ల దగ్గర చెప్పుల వారు ఊడిందని కూర్చున్నాను. అది ఊడలేదు. ఊడనిదాన్ని ఊడదీసి మళ్లీ కట్టాను. పీటీ మాస్టరు నా నెత్తిమీద నిలబడి, "ఇంగ ఎంతసేపు కడతావప్పా ఆ చెప్పు? కొత్తది కుట్టొచ్చు ఈపాటికి" అన్నాడు. గేటు దాటాం. లోపలినుంచి గొంతు కాదు కదా, దగ్గు కూడా వినపడలేదు.

బస్సు మధుగిరి దాటినా ఆయన నాతో మాట్లాడలేదు. మడకశిర దగ్గర మాత్రం, "దిగు. నీ కొత్త జోను వచ్చింది" అన్నాడు.

ఊళ్లో కబురు మాకంటే ముందే దిగింది. ఆంధ్రా పార్టీవాళ్లు బట్టలంగడి ముందు టపాసులు కాల్చారు. టీ అంగడి మామ పొయ్యి ఆర్పేసి, "ఈ పొద్దు టీ లేదు. తుమకూరు పార్టీ సంతాపంలో ఉండాది" అని బల్ల మీద పడుకున్నాడు. కూతగాడు అరుగు దగ్గరికి వచ్చి నన్ను ఏమీ అడగలేదు. పీటీ మాస్టర్ని అడిగి తెలుసుకుని, గోనె సంచుల మీద కూర్చున్నాడు.  తిట్టినా బాగుండేది. తిట్టేవాడితో బేరం ఆడవచ్చు.

మా నాన్న తక్కెడ తుడుస్తూ అంతా విన్నాడు. ఆయన అంగట్లో నన్ను ఎప్పుడూ పొగడలేదు, ఎప్పుడూ తిట్టలేదు. అప్పుడు కూడా తిట్టలేదు.

"గిరాకీ లేచిపోతే అంగడాయన పిలవలేదు. ఎందుకు?" అన్నాడు.

"పొగరు నాయనా వానికి."

"కాదు. నీతో వానికి పడే పని ఏమీ కనపళ్లేదు. మళ్లా పో. ఈసారి అడిగేదానికి పోవద్దు, అమ్మేదానికి పో. అమ్మేటోడు వట్టి నోటితో పోతాడా? శెనక్కాయ మండీకి పోయేటప్పుడు ఏం పట్టకపోతాం?"

"మచ్చు."

మచ్చంటే మూట విప్పి చూపించే గుప్పెడు సరుకు. కొనేవాడు దాన్ని చేత్తో నలిపి, గింజ విరిచి, నోట్లో వేసుకుని, అప్పుడే మాట్లాడతాడు.

"అదీ. ఆయనకు కావాల్సింది మెత్తని నేల, నీళ్లు. ఈ ఊళ్లో యాడుండాయో చూడు."

"గరుసు తప్ప ఏముంది నాయనా ఈడ?" అన్నాను.

గోనె సంచుల మీదనుంచి కూతగాడు తల ఎత్తాడు. "చెరువుండాది గదన్నా," అన్నాడు.

"చెరువులో నీళ్లు యాడివి?"

"నీళ్లు లేవు కాబట్టే గదా. నేను రోజూ పొద్దున ఆడేది ఆడనే. ఒండ్రు మన్నన్నా అది, పడితే పరుపు మీద పడినట్టుంటాది."

అరుగు మీద ఇన్నాళ్లూ అతని ఆట గురించి మేము మాట్లాడని రోజు లేదు. అతను ఎక్కడ ఆడతాడో మాలో ఒక్కడికీ తెలీదు. మేమేమో కాలేజీ ప్రహరీ లోపలి గరుసు నేల చూసి, పాపం వీళ్లకు ఎన్ని దెబ్బలో అనుకునేవాళ్లం. అందరం ఆ క్షణమే చెరువుకు పరుగెత్తాం. టీ మామ సంతాపం మానేసి మా ముందు పరుగెత్తాడు. కట్ట ఎక్కి చూస్తే, ఎండి పగిలి పలకలు పలకలుగా లేచిన చెరువు మధ్యలో, ఆటగాళ్లు చదును చేసుకున్న నల్లటి చోటు సున్నపు గీతలతో సహా ఉంది. బట్టలంగడి అన్న కట్టను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూశాడు.

"ఒరే, ఇది గ్యాలరీ రా!" అన్నాడు. "దేవుడే కట్టించి పెట్టినాడు. ఊరంతా కూర్చోవచ్చు!"

ఆంధ్రా పార్టీ నాయకుడి నోటినుంచి వచ్చిన ఆ మాటతో రెండు పార్టీల మధ్య గోడ కొంత కూలింది.

నేల దొరికింది. ఇక నీళ్లు. శెనక్కాయ మిల్లు బోరులో కొద్దిగా నీళ్లు పడుతున్నాయి. వీధి ఆడవాళ్లంతా బిందెలు పెట్టేది అక్కడే. మిల్లాయన ఒప్పుకున్నాడు గానీ బిందెల వరసలో మొదట నిలబడే ముసలమ్మ ఒకామె నన్ను నిలబెట్టి కడిగేసింది.

"మాకు కూటికి నీళ్లు లేవంటే, ఎవరో వచ్చి ఒళ్లు తోముకుంటారంటనా? బోరు మీ అబ్బదా?"

నేను బేరానికి దిగాను. నీళ్లు సగం సగం అన్నాను. ఆమె చెయ్యి అడ్డం తిప్పింది. పొద్దున మీకు, మాపటికి వాళ్లకు అన్నాను. మళ్లీ అడ్డం తిప్పింది. చివరికి ధర ఆమే చెప్పింది. ఆడవాళ్ల బిందెలన్నీ నిండాకనే ఆటగాళ్ల స్నానం. పైగా ఆ ఆటగాళ్లే ముసలివాళ్ల బిందెలు మోసుకొచ్చి ఇండ్లలో దించాలి. తుమకూరు జిల్లా కాలేజీ వస్తాదులు పావగడలో బిందెలు మోయాలట! నేను ఒప్పుకున్నాను. నా జీవితంలో నా మాట ఒక్కటి కూడా చెల్లని బేరం అదొక్కటే, దానికి ముందు తుమకూరులో చేసినదాన్ని పక్కన పెడితే.

లేచి వచ్చేసిన అంగడికే తిరిగి పోవడమంత సిగ్గు మా వృత్తిలో ఇంకోటి లేదు. తిరిగొచ్చిన గిరాకీ అడిగిన ధర ఇచ్చుకోవలసిందే. ఈసారి ఒక్కణ్ణే పోయాను. తువ్వాలు మూట కార్యదర్శి బల్ల మీద పెట్టి విప్పాను. చెరువు మన్ను.

ఆయన దానివైపు, నావైపు చూశాడు. అద్దాలు తీశాడు. గుప్పెడు మన్ను తీసుకుని వేళ్ల మధ్య నలిపాడు, అరచేతిలో వేసి ఊదాడు. మండీలో పెద్ద పెద్ద సేట్లు గింజ నలిపినట్టే నలిపాడు. ఆ ఇస్త్రీ చొక్కా చేతి అంచుకు మట్టంటినా చూసుకోలేదు.

"ఎక్కడిది?"

చెప్పాను. కట్ట సంగతి, బోరు సంగతి, బిందెల సంగతి కూడా చెప్పాను. బిందెల దగ్గర ఆయన మొదటిసారి నవ్వాడు.

"నేను కూడా ఆడేవాణ్ణి," అన్నాడు. "ఇట్లాంటి మన్నులో అయితే ఇంకో పదేళ్లు ఆడేవాణ్ణేమో." మోకాలు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఒక ఆట కావాలన్నావు. ఒక ఆట ఇవ్వను."

నేను తువ్వాలు కొసలు ముడివేయబోయాను.

"మొత్తం జోను తీసుకో. ఈసారి నిర్వహిస్తామన్న కాలేజీ చేతులెత్తేసింది. అన్ని జట్లకూ బస, భోజనం మీ ఊరిదే. సెలక్షనుకు వచ్చే పెద్దలకు కూడా. కుదరదంటే ఇప్పుడే చెప్పు."

ఒక ఆట అడగడానికి పోయి ఊరి నెత్తిన జోను మొత్తం పెట్టాను. "మరి మా పేరు కొట్టేశారేమో..." అని గొణిగాను.

"డ్రా వేస్తే కదా కొట్టేయడానికి! నువ్వు మెట్ల మీద చెప్పు కట్టుకుంటుంటే కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మాది కూడా బేరాల కుటుంబమే, బెల్లం మండీ. నిజంగా పోయేవాడు చెప్పులు తొడుక్కుంటాడు, కట్టుకుంటూ కూర్చోడు."

ఆ మనిషి కాళ్లకు మొక్కాలో, ఆయన గల్లా పెట్టెకు మొక్కాలో తెలీలేదు.

ఆ తర్వాత పావగడను చూడాల్సింది! కరువు వచ్చాక ఊళ్లో అంత సందడి నేనెప్పుడూ చూడలేదు. పల్లెల రైతులు నాగళ్లు, గుంటకలు తెచ్చి చెరువు మధ్య మన్నును దున్ని చదును చేశారు. చేన్లలో పని లేక ఎద్దులు కూడా దున్నడం మరిచిపోయి ఉంటాయి. ఒక్కో వీధి ఒక్కో కాలేజీని దత్తత తీసుకుంది. మా వీధికి తిపటూరు జట్టు వచ్చింది. రాగిముద్దలోకి మా అమ్మ నూరిన ఊరిబిండి పచ్చడి తిని, శెనక్కాయలో ఇంత కారం ఎట్ల పట్టిందని వాళ్లు కన్నీళ్లు కారుస్తూ మళ్లీ వేయించుకున్నారు. మిల్లు దగ్గర వస్తాదులు భుజాన బిందెలెత్తుకుని ముసలమ్మ వెనక వరసగా నడుస్తుంటే, ఆమె వెనక్కి తిరిగి, "తొణికిందంటే మళ్లా పోయి తెస్తావు" అని తెలుగులో అంటే, ఒక్క ముక్క అర్థంకాకపోయినా అందరికీ అర్థమైంది. బట్టలంగడి అన్న మడకశిర పోయి, "కప్పు మీది మీరే ఉంచుకోండి, ఆట మాది వచ్చి చూడండి" అని చాటి వచ్చాడు. ఆఖరి రోజు అవతలినుంచి లారీల్లో జనం దిగారు. చెరువుకట్ట మీద కాలు పెట్టడానికి చోటు లేదు. తుమ్మచెట్ల కొమ్మల మీద కూడా జనమే.

మా జట్టు చివరి ఆటకు చేరింది. అంతవరకు జరిగిన ఆటలప్పుడు వీధి వీధంతా వంటల దగ్గర, బిందెల దగ్గర ఉండి ఒక్కటీ చూడలేదు. ఎదురు జట్టు మా ఇంట్లో ముద్ద తిన్న తిపటూరు. సెలక్షను పెద్దలు ఆట బరి పక్కన కుర్చీల్లో కూర్చున్నారు. కార్యదర్శి మాత్రం చెప్పులు విడిచి ఒండ్రు మన్నులో వట్టి కాళ్లతో నిలబడ్డాడు.

కూతగాడు మొదటిసారి గీత దాటినప్పుడు మేమంతా ఒక్కసారిగా లేచాం. ఇన్నేళ్లు చూడని ఆట! గొంతులు చించుకున్నాం. "ఎడమ పక్క చూడు!" "వెనక్కి రారేయ్!" "ఆ పొడుగోని కాలు ముట్టుకో!" ప్రతివాడికీ ఒక సలహా ఉంది. అతను పట్టుబడిపోయాడు. రెండోసారి ఇంకా గట్టిగా అరిచాం. మళ్లీ పట్టుబడ్డాడు. మూడోసారి అసలు ఎవరినీ తాకకుండానే వెనక్కి వచ్చేశాడు. పెద్దల్లో ఒకాయన పక్కాయన చెవిలో ఏదో చెప్పి నవ్వడం చూశాను. 

మధ్య విరామంలో పీటీ మాస్టరు కట్ట దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. మొహం ఎర్రగా ఉంది.

"ఎవరప్పా వానికి దారి చెప్పేది? వాడు ఎప్పుడూ పరాయి ఊర్లోనే ఆడినాడు, వాని పేరు అరిచేటోడు ఆడ ఒక్కడూ లేడు! వాని కూత వానికే వినపడాల. ఊపిరెంత మిగిలిందో దాన్ని బట్టే వానికి తెలిసేది. మీ అరుపుల్లో వానికి ఊపిరే తెలీకపోయింది. వాడు కూతకు పోయినప్పుడు గమ్మునుండండి. మీకు దండం పెడతా, గమ్మునుండండి!"

బేరం ఆడకుండా సరుకు కొనమన్నా కొంటాం గానీ, నోరు మూసుకోమంటే మా వీధికి ఎంత కష్టమో! టీ మామ తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. బట్టలంగడి అన్న కట్ట పొడుగునా పరుగెత్తుతూ, మడకశిరవాళ్ల దాకా పోయి, "సద్దు చెయ్యొద్దండి, పుణ్యముంటాది" అని బతిమాలుకున్నాడు. అరుగు మీద ఎప్పుడూ చెల్లని పీటీ మాస్టరు మాట కట్ట మీద చెల్లింది.

ఆట మళ్లీ మొదలైంది. కూతగాడు గీత దగ్గర వంగి మన్ను తీసి చేతులకు రుద్దుకున్నాడు. గీత దాటాడు.

కట్ట మీద చీమ చిటుక్కుమనలేదు. అంత జనం ఊపిరి బిగబట్టిన ఆ చెరువులో, మొట్టమొదటిసారి అతని కూత విన్నాను. ఇన్నేళ్లు నేను లెక్కలేనంతమందికి వర్ణించి చెప్పిన కూత. నేను చెప్పినట్టు లేదు. గట్టిగా లేదు, గర్జన కాదు. తేనెటీగ గదిలో తిరిగినట్టు సన్నగా, ఒకే శ్రుతిలో, తెగకుండా వస్తోంది. అటు గట్టుకు తగిలి ఇటు కట్టకు వస్తోంది. అతను తల వంచి ఆ శబ్దాన్నే వింటున్నట్టు కదిలాడు. పొడుగాయన ముందుకు దూకాడు. దొరకలేదు. ఇద్దరు వెనకనుంచి గొలుసు కట్టి వచ్చారు. కూత కొంచెం సన్నబడింది, తెగలేదు. ముగ్గురూ అతని నడుం మీద పడ్డారు. ఒండ్రు దుమ్ము లేచి ఏమీ కనపడలేదు. కూత మాత్రం వినపడుతూనే ఉంది. దుమ్ములోంచి ఒక చెయ్యి వచ్చి మా గీతను తాకింది. అప్పుడు ఆగింది కూత.

ఆపైన కట్ట మీద లేచిన అరుపుకు తుమ్మచెట్ల మీదివాళ్లు ఇద్దరు కింద పడ్డారని తర్వాత చెప్పుకున్నారు. నేను చూడలేదు. నేను ఎవరి భుజాల మీదో ఉన్నాను.

అట్ల ఎన్నిసార్లు పోయాడో, ప్రతిసారీ మేము నోరు మూసుకున్నాం, ప్రతిసారీ తిరిగొచ్చాక చెరువు పగిలిపోయేలా అరిచాం. అంత చేసినా ఒక్క పాయింటుతో ఓడిపోయాం! ముందు మేము అరిచి పోగొట్టిన పాయింట్లు తిరిగి రావు కదా. తిపటూరు కుర్రాళ్లు కప్పు ఎత్తుకుని మా వీధివైపు చూపించి మొక్కారు. మా అమ్మ కట్ట మీదనుంచే, "కడుపునిండా పెట్టినాను గదా, అందుకే!" అని నెత్తి కొట్టుకుంది.

అప్పుడు పెద్దల్లో ఒకాయన లేచి మైకులో యూనివర్సిటీ శిబిరానికి పిలిచే పేర్లు చదవసాగాడు. తుమకూరు పేరు, తిపటూరు పేరు, మళ్లీ తిపటూరు పేరు. నా పక్కన టీ మామ చెయ్యి, బట్టలంగడి అన్న చెయ్యి ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ఏ పార్టీ ఏ చెయ్యో వాళ్లకే తెలీదు. ఆ తర్వాత కన్నడంలో మా కూతగాడి పేరు, పావగడ అని వినపడింది.

ఈసారి ఎవరూ నోరు మూసుకోమనలేదు.

గోలలో ఎవరో నా మోచెయ్యి పట్టుకుని లాగారు. చూస్తే కూతగాడి నాన్న. నెత్తికి కంబళి, చేతిలో గొర్రెల కట్టె, కాళ్లనిండా దుమ్ము. ఎప్పుడు వచ్చాడో, ఎక్కడ నిలబడి చూశాడో తెలీదు.

"పేరు చెప్పినారు గదప్పా. ఏంది అది? జీతమిస్తారా?"

"ఇప్పుడు ఇయ్యరు పెద్దాయనా. కొన్నాళ్లు శిబిరంలో ఆడిపిస్తారు. ఆడినంక మాస్టరు కోర్సు. అది ముగిసినంక జీతం."

అతను కట్టె మీద గడ్డం ఆనించి లెక్క వేసుకున్నాడు. మా అంగట్లో ఉప్పు ధర విని వేసుకున్నట్టే.

"అయితే హోటలుకు పోయే పన్లేదు గదా?"

"పన్లేదు."

"ఖాయమా?"

"ఖాయం."

ఇంకేమీ అడగలేదు. కంబళి భుజానికి మార్చుకుని, కట్టెతో దారి చేసుకుంటూ కట్ట దిగి చెరువులోకి నడిచాడు. అక్కడ మా కూతగాణ్ణి జనం పైకి ఎత్తి ఉన్నారు. అతను కింది నుంచి కొడుకు కాలు పట్టుకుని, "దిగురా, దిగు. మీయమ్మకు చెప్పల్ల, పోదాం పద" అని లాగుతూనే ఉన్నాడు. వాళ్లు వదలడం లేదు.